మా ఊరి బడిలో చదువు బాగుందో లేదో తెలిసేదెలా?

ప్రాథమిక బడుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు ప్రతి నెలా జవాబులు. రాస్తున్నది కర్నూలు జిల్లా ఆదోని డివిజన్‌లో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎంగా పనిచేసి రిటైరైన టీచరమ్మ.

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారం. మాది నంద్యాల జిల్లాలో చిన్న పల్లె. మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ఒకటి నుంచి ఐదు దాకా కలిపి 19 మంది పిల్లలు, సారు ఒక్కరే. మా వాడు మూడో తరగతి. పక్కిళ్ల పిల్లలంతా వ్యాన్ ఎక్కి టౌన్‌లో కాన్వెంటుకు పోతున్నారు. "ఆ బడిలో ఏం చదువు వస్తుంది, వాణ్ని పాడు చేస్తున్నావు" అని మా అత్తగారింట్లో రోజూ అంటున్నారు. నేను పదో తరగతి దాకా చదివాను. అక్కడ చదువు బాగుందో లేదో నేనెట్లా తెలుసుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి, నంద్యాల జిల్లా)

జవాబు: అమ్మా, బడి మార్చాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు మీ వాడికి చదవడం వచ్చిందో లేదో ఈ రాత్రికే తేల్చుకోవచ్చు. పదో తరగతి చదివినదానివి, ఇంకొకరి సాయం అక్కర్లేదు.

వాడి మూడో తరగతి తెలుగు పుస్తకం తీయకు. ఆ పాఠాలు క్లాసులో విని విని నోటికి వచ్చేసి ఉంటాయి, పేజీ చూడకుండానే చెప్పేస్తాడు. పక్కింట్లో రెండో తరగతి పుస్తకం అడిగి తెచ్చుకో. లేదా వాడెప్పుడూ చూడని ఎనిమిది పది వాక్యాల చిన్న కథ ఏదైనా తీసుకో. వేలు పెట్టి చదువుకోనీ. తడబడితే మధ్యలో అందించకు. చదవడం అయ్యాక పుస్తకం మూసి "ఏమైంది రా అందులో?" అని అడుగు. తన మాటల్లో చెప్పాడంటే చదవడం వచ్చినట్టే. రెండు చోట్ల ఆగినా, ఒక ఒత్తు తప్పు పలికినా దిగులు పడకు. గడగడా చదివేసి, ఏమైందని అడిగితే నీ మొహం వంక చూస్తున్నాడంటే మాత్రం పని మిగిలి ఉంది. వాక్యమే చదవలేకపోతే విడి మాటలు ఇవ్వు: పలక, తాత, మేక, గాలి. అవీ రాకపోతే అక్షరాలు అడుగు. ఎక్కడ ఆగిపోయాడో పది నిమిషాల్లో నీకే తెలుస్తుంది.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి అసర్ పేరుతో సర్వే చేస్తోంది. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత ఇలాగే అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తుంది. 2024 సర్వేలో దేశం మొత్తం మీద ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవాళ్లు నూటికి 23 మంది చిల్లర. ఆ సంఖ్య చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. అయితే ప్రైవేటు బడుల్లోనూ అది సగానికి చేరలేదమ్మా. వ్యాన్ ఎక్కించినంత మాత్రాన చదువు వచ్చేయదని అందుకే చెబుతున్నాను. కుదిరితే ఒక ఆదివారం ఆ పక్కింటి పిల్లల్ని కూడా కూర్చోబెట్టి, ఆటలాగా, అదే కథ చదివించు.

తర్వాత వాడి నోట్‌బుక్ తిప్పు. జవాబులన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క తప్పూ లేకుండా, పక్క పిల్లవాడి పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయంటే అవి బోర్డు మీద నుంచి ఎక్కించినవి. అక్కడక్కడా వంకర గీతలు, వాడి సొంత మాటలు, "మా ఎద్దుకి కాలు నొప్పి" లాంటి వాక్యాలు, వాటిలో తప్పులు, వాటి కింద సారు ఎర్ర ఇంకుతో దిద్దినవి, వాటిని వాడు మళ్లీ రాసినవి కనిపిస్తే ఆ బడిలో చదువు నడుస్తోందని నమ్ము.

ఒక పొద్దున బడికి వెళ్లి వరండాలో కూర్చో. సారు ఎంత బాగా చెబుతున్నారన్నది పక్కన పెట్టి పిల్లలనే చూడు. ఎంతసేపు వాళ్లు సొంతంగా చదువుతున్నారు, రాస్తున్నారు, ఎంతసేపు ఊరికే కూర్చున్నారు? 19 మందే ఉండటం పెద్ద అదృష్టం. ఒక్కొక్కరి చేత రోజూ మూడు నిమిషాలు చదివించినా గంటలోపు అందరిదీ అయిపోతుంది. నలభై మంది ఉన్న క్లాసులో ఎంత మంచి టీచరైనా ఇది చేయలేరు. మీ సారు చేస్తున్నారా అన్నదే అసలు ప్రశ్న.

ఒక్క టీచరే ఉండటం మాత్రం లోటే. విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలి. సారు సెలవు పెడితే, మీటింగుకు వెళితే ఆ రోజు బడి ఎవరు నడుపుతున్నారు? ఈ మాట బడి యాజమాన్య కమిటీ చేత మండల విద్యాధికారికి (ఎంఈవో) కాగితం మీద రాయించండి. నోటి మాటకు రికార్డు ఉండదు.

నువ్వు చేసిన పరీక్షలో వాడు బాగా చదివితే బడి మార్చే పనే లేదు. ఎక్కడో ఆగిపోతే సారు దగ్గరికి వెళ్లి "మా వాడికి చదువు రావట్లేదు" అని మొత్తంగా అనకు. "ఏత్వం, ఓత్వం దగ్గర తికమక పడుతున్నాడు సార్" అని చెప్పు. అంత స్పష్టంగా చెప్పే తల్లిని ఏ టీచరూ తీసిపారేయరు. రెండు నెలలు చూడు. అప్పటికీ కదలిక లేకపోతే మార్చే సంగతి ఆలోచించు, తప్పేం లేదు. కొత్త బడిలో కూడా ముందు ఇదే అడుగు: ఒక్కో బిడ్డ చేత రోజూ ఎంతసేపు చదివిస్తారు?

ప్రశ్న: మేడమ్, మెగా డీఎస్సీలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) వచ్చాను. మొదటి పోస్టింగే ఏకోపాధ్యాయ పాఠశాల. 23 మంది పిల్లలు, ఐదు తరగతులు. ఒక తరగతికి చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ అల్లరి. ఐదో తరగతిలో ఇద్దరికి ఒత్తులే రావు. సిలబస్ చూస్తే కొండలా ఉంది. శిక్షణలో చెప్పినవన్నీ తరగతికి ఒక టీచరున్న బడికి సరిపోయేవి. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (ఒక ఉపాధ్యాయుడు, శ్రీసత్యసాయి జిల్లా)

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటి ఏడాదే ఇంత బరువు మీద పడ్డా "ఎక్కడ మొదలుపెట్టమంటారు" అని అడిగారు, చాలా సంతోషం.

పొద్దున మొదటి గంటన్నర తరగతులు మర్చిపోండి. అందరినీ కలిపి మూడు జట్లు చేయండి. అక్షరాలు, గుణింతాల దగ్గర ఉన్నవాళ్లు ఒక జట్టు. ఒత్తులు, చిన్న వాక్యాల దగ్గర ఉన్నవాళ్లు ఒకటి. సొంతంగా చదవగలిగేవాళ్లు మూడోది. పై తల్లికి చెప్పిన పరీక్షతోనే ఎవరెక్కడో ఒక్కరోజులో తేలిపోతుంది. మీరు ఒక జట్టుతో కూర్చున్నప్పుడు మిగతా రెండు జట్లకు చేతిలో పని ఉండాలి. "చూసి రాయండి" అన్నది పని కాదు, ఐదు నిమిషాల్లో విసుగొస్తుంది. కథ చదివి బొమ్మ వేసి కింద రెండు వాక్యాలు రాయడం, మాటల కార్డులను జతలు పెట్టడం, బడి చుట్టూ కనిపించే "మ"తో మొదలయ్యే వస్తువులు వెతికి రాయడం, ఇలాంటివి ఇవ్వండి. కొంచెం గోల ఉంటుంది. ఉండనివ్వండి. వీలైతే వేసవి సెలవుల్లోనే ఒక పెట్టె నిండా కార్డులు రాసి పెట్టుకోండి, ఏడాదంతా ఆదుకుంటాయి.

మనకు దగ్గరలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడుపుతూ ఈ సమస్య మీదే పనిచేశారు. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటి వరుసను గోడ మీద నిచ్చెనలా గీశారు. బిడ్డ తాను ఏ మెట్టు మీద ఉందో తనే చూసుకుని, తర్వాతి కార్డు తనే తీసుకుంటుంది. వారం రోజులు జ్వరమొచ్చి పడుకున్నా, తిరిగొచ్చాక వదిలిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. కర్ణాటకలో 1995లో మొదలైన నలి-కలి బోధన పద్ధతికి, ఆ తర్వాత చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన పద్ధతికి దారి చూపింది ఇదే. రాయలసీమ పల్లెల్లో పుట్టిన ఆలోచన మన బడుల్లో ఇంకా ఎక్కువగా కనిపించాలని నా కోరిక.

ఇక ఒత్తులు. చదువు ఆగిపోయే పిల్లల్లో ఎక్కువ మంది ఇక్కడే ఆగుతారు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. "పుస్తకం" అని రాసి చూపిస్తే "పుసతకం" అనేవాళ్లుంటారు, "పుసకం" అని ఒత్తు దాటేసేవాళ్లుంటారు. ఇద్దరి ఇబ్బందీ ఒకటి కాదు. మొదటివాడు ఒత్తును గుర్తుపట్టాడు, కలపడం రాలేదు. రెండోవాడికి అది అక్షరంలాగే కనిపించలేదు. ఎందుకంటే త, న, మ, య, ర, ల ఒత్తులకు ఆ అక్షరాల పోలికే ఉండదు. గ, డ, ద, ట, ప ఒత్తులైతే తలకట్టు ఉంటే తీసేసి చిన్నగా కింద రాసినట్టే ఉంటాయి. అందుకని పోలిక ఉన్నవి ముందు పెట్టండి: బొగ్గు, గడ్డి, ఎద్దు, బుట్ట, పప్పు. పిల్లవాడు పై అక్షరం, కింద అక్షరం రెండూ గుర్తుపట్టి నవ్వుతాడు. వారం తర్వాత పోలిక లేనివి తీసుకోండి: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. ఇవన్నీ వాడు రోజూ పలికే మాటలు, నోరు ముందే కలిపేసి ఉంటుంది, కంటికి అలవాటు చేయడమే మిగిలింది. పుస్తకం, కష్టం, చంద్రుడు లాంటివి ఆ తర్వాతే. క గుణింతం నుంచి క్ష దాకా గోడకు చార్టు వేలాడదీసి రోజూ కోరస్‌గా చదివించే బడులు చూశాను. ఆ కోరస్‌లో పదిమంది గొంతు మధ్య రానివాడు హాయిగా దాక్కుంటాడు.

ఐదో తరగతి పిల్లలిద్దరినీ చిన్నవాళ్ల జట్టులో కూర్చోబెడితే సిగ్గుతో ముడుచుకుపోతారు. వాళ్లకు ఒక పని అప్పజెప్పండి. పిల్లల పేర్లన్నీ చీటీల మీద రాసి, రోజూ హాజరు వాళ్ల చేత పిలిపించండి. లక్ష్మి, ప్రవల్లిక, విష్ణు, చెన్నమ్మ... మన పేర్ల నిండా ఒత్తులే. తెలిసిన పేర్లే కాబట్టి ధైర్యంగా చదువుతారు. చదివినదాన్ని మధ్యాహ్నం ఒకటో తరగతి వాళ్లకు కథగా వినిపించమనండి. అయితే బాగా చదివే ఐదో తరగతి అమ్మాయిని రోజంతా చిన్నవాళ్లకు టీచరుగా పెట్టకండి. ఆ పిల్ల చదువు మనం తినేసినట్టవుతుంది.

పరిసరాల విజ్ఞానం మూడు, నాలుగు, ఐదు తరగతులకే ఉంటుంది కదా, ముగ్గురికీ ఒకేసారి చెప్పండి. నీళ్ల పాఠమైతే అందరినీ ఊరి బోరు దగ్గరికి తీసుకెళ్లండి. మూడోవాళ్లు బొమ్మ వేస్తారు, నాలుగోవాళ్లు ఎవరెవరు దేనికి వాడుతున్నారో రాస్తారు, ఐదోవాళ్లు రోజుకు ఎన్ని బిందెలు పోతున్నాయో లెక్క కడతారు. 1980ల్లో, 90ల్లో ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) శిక్షణలో మాకు ఇదే చెప్పేవారు: గుంపులుగా కూర్చోబెట్టండి, పరిసరాల్లోంచి పాఠం తీయండి, పిల్లలు చేసినవి గోడకు కట్టండి. పథకం ఎప్పుడో ముగిసింది. అప్పుడు కట్టిన తీగకు నేను రిటైరయ్యేదాకా పిల్లల బొమ్మలు తగిలిస్తూనే ఉన్నాను.

సిలబస్ అంటారా? చదవడం వచ్చిన బిడ్డ వెనకబడిన పాఠాలు తొందరగానే అందుకుంటుంది. చదవడం రాని బిడ్డకు మీరు పాఠాలన్నీ పూర్తిచేసినా దక్కేది ఏమీ ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే మీ మూడు జట్ల జాబితా, ప్రతి బిడ్డ జూన్‌లో ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది అన్నది రాసిన పుస్తకం చూపించండి. కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ అడుగుతున్నదీ అదే, మూడో తరగతి దాటేలోపు చదవడం, రాయడం, లెక్కలు వచ్చేయాలని.

ప్రశ్న: నేను మా ఊరి బడి యాజమాన్య కమిటీ చైర్మన్‌ని. నాడు-నేడులో మా బడికి టైల్స్, ఫ్యాన్లు, టాయిలెట్లు, మంచి బల్లలు వచ్చాయి. టీవీ కూడా పెట్టారు. బడి చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ మా నాలుగో తరగతి పిల్లల్లో చాలామందికి తీసివేతలు రావు. కమిటీ తరఫున మేం ఏం అడగాలి? మాకు అడిగే అధికారం ఉందా? (ఒక రైతు, పల్నాడు జిల్లా)

జవాబు: ఉందండీ. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం మీ బాధ్యతల్లో మొదటిది. టాయిలెట్లు తక్కువ విషయమని నేననను, అవి లేక బడి మానేసిన ఆడపిల్లలు నాకు తెలుసు.

తీసివేతల సంగతికి వద్దాం. 52లోంచి 27 తీసేయమంటే ఎక్కువ మంది 35 అని రాస్తారు. ఎలా వచ్చిందో అడగండి. "రెండులోంచి ఏడు పోదు, అందుకని ఏడులోంచి రెండు తీశాను, ఐదు. ఐదులోంచి రెండు, మూడు" అంటారు. వాళ్లకు తీసివేత వచ్చు. 52లో ఐదు అంటే ఐదు పదులని తెలియదు. దీనికి మందు బోర్డు మీద దొరకదు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికివ్వాలి. 27 ఇవ్వమంటే విడివి చాలవు, బిడ్డ తనంతట తానే ఒక కట్ట విప్పుతుంది. "అప్పు తెచ్చుకోవడం" అంటే ఏమిటో ఆ కట్ట విప్పిన చేతికి తెలుస్తుంది. మిగిలినవి లెక్కపెడితే రెండు కట్టలు, ఐదు పుల్లలు. ఇలా ఒక పది లెక్కలు చేయించాకే నోట్‌బుక్‌లోకి వెళ్లాలి. టీవీలో ఈ లెక్క ఎంత అందంగా చూపించినా కట్ట విప్పేది బిడ్డే కావాలి.

నెలకోసారి మీటింగులో టీచరు గారిని నిలదీసినట్టు కాకుండా, గౌరవంగా మూడే అడగండి. నాలుగో తరగతిలో ఎంతమందికి తీసివేత వచ్చింది, పోయిన నెల ఎంతమందికి వచ్చు, రానివాళ్లకు ఏం చేస్తున్నారు? ఆ తర్వాత "మీకేం అడ్డం వస్తోంది మేడమ్" అని కూడా అడగండి. యాప్‌లలో ఫొటోలు, రిజిస్టర్లు, మీటింగుల్లో ఎంత టైమ్ పోతోందో చెబుతారు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే పనులకు టీచర్లను వాడకూడదని చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆ టైమ్‌ను తిరిగి పిల్లలకు ఇప్పించాలంటే మీలాంటివాళ్లు తీర్మానం చేసి పైకి పంపాలి. టీచరు ఒక్కరే అడిగితే సణుగుడు కింద కొట్టేస్తారు.

ప్రశ్న: మా మనవడు ప్రభుత్వ బడిలో రెండో తరగతి, ఇంగ్లీషు మీడియం. రైమ్స్ బాగా చెబుతాడు. ఇంగ్లీషు పుస్తకం చదువుతాడు కానీ అర్థం అడిగితే తెలియదు. తెలుగు కూడా అంతంత మాత్రం. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. (ఒక తాత, అనకాపల్లి జిల్లా)

జవాబు: బాబాయిగారూ, మన ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి లెక్కల లాంటి పుస్తకాలు, అంటే భాషల పుస్తకాలు కాక మిగతావి, రెండు భాషల్లో వేస్తున్నారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. మీకు అది చాలు. ముందు తెలుగు పేజీ మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివించండి. మీరు తప్పు వెతకొద్దు, కథ వినే శ్రోతలా ప్రశ్నలడగండి. "అయ్యో, తర్వాత ఏమైంది?" అంటే చాలు. విషయం తెలిశాక ఎదురు పేజీకి వెళ్లమనండి. అప్పుడు ఇంగ్లీషు మాటలకు తగులుకోవడానికి ఒక అర్థం వాడి బుర్రలో ముందే ఉంటుంది. ఇంగ్లీషు రావాలి, పేదపిల్లలకు మరీ ముఖ్యంగా రావాలి. అర్థం తెలియని చదువు మాత్రం ఏ భాషలోనూ నిలవదు. బడిలో ఇంట్లో మాటలాడే భాషను వీలైనంత వరకు వాడాలని విద్యా హక్కు చట్టంలోనే ఉంది. కాబట్టి మేడమ్‌ను పాఠం తెలుగులో వివరించమని అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా కోసిగి పక్క. ఏటా పత్తికి, మిర్చికి గుంటూరు పోతాం. నాలుగు నెలలు అక్కడే. మా పాప నాలుగో తరగతి, బాగా చదువుతుంది. తీసుకుపోతే చదువు పోతుంది, వదిలిపోవడానికి ఇంట్లో పెద్దవాళ్లు లేరు. (ఒక కూలి తల్లి, రాసిపెట్టినవారు ఊరి యువకుడు)

జవాబు: తల్లీ, మన పక్క ఈ కష్టం నాకు బాగా తెలుసు. దసరా దాటితే క్లాసులో సగం జాగాలు ఖాళీ అయ్యేవి.

మొదటి మాట, వలస పోయేవాళ్ల పిల్లల కోసం ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు. బండి ఎక్కే ముందు రోజు కాకుండా, ఇప్పుడే హెచ్‌ఎంను కలిసి పాప పేరు రాయించు. పేర్లు ఎన్ని వచ్చాయో చూసే హాస్టల్ అడుగుతారు, అందుకని మీ వీధిలో వలస పోయే అందరూ కలిసి వెళ్లండి. ఆడపిల్లను వదలాలంటే భయం ఉంటుంది. రాత్రి ఎవరు ఉంటారు, వంట ఎవరు చేస్తారు అని అడిగి, కళ్లారా చూసి వదులు.

వెంట తీసుకుపోక తప్పకపోతే అక్కడి ఊరి బడిలో చేర్చు. టీసీ లేదని, ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. మన బడి హెచ్‌ఎం చేత ఒక కాగితం రాయించుకుపో: పాప ఏ తరగతి, తెలుగు ఎంతవరకు చదువుతుంది, లెక్కల్లో ఎక్కడుంది, ఏ పాఠం దాకా అయింది. అక్కడి టీచరుకు ఆ నాలుగు వాక్యాలు చాలా పనికొస్తాయి. పాఠ్యపుస్తకాలతో పాటు బడి లైబ్రరీ నుంచి రెండు కథల పుస్తకాలు సంచిలో పెట్టుకోనివ్వు. కల్లం దగ్గర రాత్రి ఫోన్ లైటు వెలుతురులో పాప చదువుతుంటే పక్క గుడారాల పిల్లలూ చేరతారు. మిరపకాయలు కోయడానికి మాత్రం పాపను దింపకు, చేతులు మండి పెన్సిల్ పట్టుకోలేరు పిల్లలు.

తిరిగొచ్చిన మర్నాడే బడికి పంపు. అలసిపోయింది, నాలుగు రోజులు ఆగుదాం అనుకుంటే ఏప్రిల్ చివర్లో బడి మూసేస్తారు.